కృష్ణ ఒడ్డు రాయి, కార్న్‌వాల్ మేడ

ఇంగ్లీషు కవిత్వంలో పెద్ద ఇళ్ళను పొగిడే పద్యాలు ఒక ప్రత్యేక శాఖగా ఉన్నాయి. మన ప్రబంధాల్లో పురవర్ణన లేకుండా కథ మొదలవదు; పదిహేడో శతాబ్దంలో వాళ్ళకు ఈ గృహస్తుతి అలాంటిది. 1611లో ఎమీలియా లాన్యర్ అనే ఆవిడ కుకమ్ అనే ఇంటి మీద రాసింది గాని, పాఠ్యపుస్తకాలు మాత్రం 1616లో అచ్చయిన బెన్ జాన్సన్ పద్యం ‘టు పెన్స్‌హర్స్ట్’నే ఒరవడిగా చూపిస్తాయి. ఆ పద్యంలో పెన్స్‌హర్స్ట్ అనే ఇల్లు ఆడంబరం కోసం కట్టింది కాదు. అక్కడ చేపలు తమంతట తామే వలలో పడతాయి. రైతులు ఏదో ఒక కానుక పట్టుకుని దొరగారిని చూడడానికి వస్తారు. ఆ గోడలు లేచినప్పుడు ఎవరి ఉసురూ తగల్లేదని కవి హామీ ఇస్తాడు. తరతరాల ఇల్లు అన్న భావం పద్యమంతా పరుచుకుని ఉంటుంది. చరిత్ర చూస్తే సిడ్నీల కుటుంబానికి రాజు ఆ ఇల్లు ఇచ్చింది 1552లో. పద్యం అచ్చయ్యేనాటికి అరవై నాలుగేళ్ళు. మన పల్లెల్లో అరవై నాలుగేళ్ళ కాపురాన్ని ఇంకా ‘కొత్తగా వచ్చినవాళ్ళు’ అనే అంటారు.

ఈ సంగతిని రేమండ్ విలియమ్స్ 1973లో ‘ది కంట్రీ అండ్ ది సిటీ’ అన్న పుస్తకంలో గట్టిగానే పట్టుకున్నాడు. వలలో చేప పడిందంటే పట్టినవాడొకడు ఉండాలి. పద్యం చేసే పని ఆ పట్టినవాణ్ణి కనబడకుండా చేయడం. అంతవరకూ ఆయనతో నాకు పేచీ లేదు. అయితే ఇల్లు ఎవరి చెమటతో లేచింది అని అడగడం ఒక పద్ధతి. వాణిజ్యశాస్త్రం చదివి బ్యాంకులో పద్దులు చూసుకునే నాబోటివాడికి ఇంకాస్త మొరటు ప్రశ్న తోస్తుంది. ఇల్లు చేతులు మారినప్పుడు సొమ్ము ఎక్కణ్ణుంచి వచ్చింది? కొన్న తరవాత ఆ ఇల్లు ఏం పని చేసింది? ఇంగ్లీషు నవలల్లో ఇల్లు ఒక పాత్ర అని విమర్శకులు అంటూ ఉంటారు. పాత్ర అయితే దానికీ ఒక వృత్తి ఉండాలి కదా.

ఈ ప్రశ్నలు అడగడానికి కార్న్‌వాల్‌లోని బొకానక్ అనే ఇంటిని ఎంచుకుంటున్నాను. వాస్తుశిల్పంలో దానికంటే గొప్పవి ఇంగ్లండులో ఎన్నో ఉన్నాయి. దీన్ని ఎంచుకోవడానికి కారణం వేరు. ఈ ఇంటి మీద పడ్డ అతి పెద్ద పద్దు కృష్ణ ఒడ్డున మొదలై, మద్రాసు కోటలో ఖాతా మారి, లండనులో సానబట్టబడి, పారిస్‌లో నగదైంది. ఇంగ్లీషు మేడల మూలధనం గురించి సాధారణంగా ఊహించి చెప్పాలి. ఇక్కడ ఆ అవసరం తక్కువ.

బొకానక్ కార్న్‌వాల్‌లో లాస్ట్‌విథియల్ అనే పాత ఊరికి తూర్పున కొద్ది మైళ్ళలో ఉంది. 1086 నాటి డూమ్స్‌డే భూమి లెక్కల్లో దాని పేరు ఉంది. ఇంటిని ఆనుకునే గుడి, చుట్టూ జింకల తోట, పాత ఓక్ చెట్లు. కార్మినోలు, కోర్ట్నీలు, రసెల్‌లు, మూన్‌లు, పిట్‌లు, గ్రెన్‌విల్‌లు, ఫోర్టెస్క్యూలు వరసగా ఏలారు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. మనకు ఇంటిపేరు అంటే కుటుంబం పేరు. మదురైలోనో, హోసూరులోనో, బరంపురంలోనో ఉన్న మనవాళ్ళ ఇంటిపేర్లు చాలావరకు ఎప్పుడో వదిలివచ్చిన ఊళ్ళ పేర్లే. ఆ ఊరు చూసినవాడు వంశంలో ఎవడూ మిగలడు గాని పేరు మిగులుతుంది. అక్కడ తల్లకిందులు. ఇల్లు తన పేరు తను ఉంచుకుని కుటుంబాలను మారుస్తుంది. జాన్సన్ లాంటి కవి వచ్చి చివరి అద్దెదారునే మూలపురుషుడని కీర్తించేసరికి మనం నమ్మేస్తాం.

మూన్‌లు దీన్ని కొన్నది 1579లో. అక్షరాల్లో చూస్తే ఆ పేరు మన ‘మోహన్’ లాగే ఉంటుంది, పలకడం మాత్రం ‘మూన్’. వాళ్ళ కాలంలో ఇల్లు దండు విడిదిగా పనిచేసింది. 1643 జనవరిలో పక్కనున్న బ్రాడక్ మైదానంలో రాజు పక్షం గెలిచింది. మరుసటి ఏడు ఆగస్టులో మొదటి చార్లెస్ స్వయంగా ఈ ఇంట్లో మకాం పెట్టి, సెప్టెంబరు మొదట్లో పార్లమెంటు సేనను లొంగదీసుకున్నాడు. అదే యుద్ధాన్ని పది మైళ్ళ లోపున్న మెనబిలీ అనే మరో మేడ కిటికీలోంచి చూపిస్తూ డాఫ్నీ డు మారియే 1946లో ‘ది కింగ్స్ జనరల్’ రాసింది. ఆవిడ ‘రెబెకా’లోని మాండర్లీకి కూడా ఆ మెనబిలీయే నమూనా. నాలుగో మూన్ ప్రభువు 1712 నవంబరులో లండను హైడ్ పార్కులో హామిల్టన్ డ్యూకుతో ద్వంద్వయుద్ధం చేశాడు, ఇద్దరూ పోయారు. థాకరే 1852లో ‘హెన్రీ ఎస్మండ్’ నవలలో ఈ మూన్‌ను పేరు కాస్త మార్చి దుష్టపాత్ర చేశాడు. నవల అక్కడితో వదిలేస్తుంది. లెక్కల పుస్తకం వదలదు. పోయినవాడి వెనక భార్య ఉంది, ఆస్తి ఉంది. 1717లో ఆవిడ బొకానక్‌ను 54,000 పౌండ్లకు అమ్మింది. కొన్నవాడు థామస్ పిట్.

పిట్ 1698 నుంచి 1709 దాకా మద్రాసు గవర్నరు. అంతకు ముందు కంపెనీ గుత్తాధికారాన్ని లెక్కచెయ్యకుండా సొంతంగా బేరాలు చేసి, కోర్టులకెక్కి, జరిమానా కట్టినవాడు. అతన్ని ఆపలేక కంపెనీ చివరికి తన కోటకే అధిపతిని చేసింది. దొంగ చేతికి తాళాలు ఇవ్వడమంటే ఇదే గాని, ఆ తాళాలను అతను సమర్థంగానే వాడాడని ఒప్పుకోవాలి. 1702లో దావూద్ ఖాన్ కోటను ముట్టడిస్తే తట్టుకున్నాడు. 1708లో అదే నవాబు దగ్గర నుంగంబాకంతో సహా అయిదు ఊళ్ళు కంపెనీకి రాబట్టాడు. ఇవాళ నుంగంబాకంలో కాపురం ఉంటున్న మన తెలుగువాళ్ళకు ఆ పేరు తెలియకపోయినా ఆ బేరం ఫలితం కింద నడుస్తూనే ఉన్నారు.

ఇక రాయి. కృష్ణ దక్షిణపు ఒడ్డున, ఇప్పటి పల్నాడు జిల్లాలో కొల్లూరు గనులు ఉండేవి. ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే ఆ గనులు చూశాడు; 1676లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో గోలకొండకు తూర్పుగా ఏడు రోజుల ప్రయాణమని రాశాడు. మగవాళ్ళు తవ్వితే ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోసేవారట. మొత్తం అరవై వేల మంది పనిచేస్తున్నారని అతని అంచనా. ఆ చోటును దేశభాషలో ‘గని’ అంటారనీ, పారసీలో ‘కులూర్’ అంటారనీ కూడా రాశాడు. పాపం, అడిగినప్పుడు ఎవడో తెలుగువాడు ‘ఇది గనండీ’ అని చెప్పి ఉంటాడు. ఆయన దాన్ని ఊరిపేరుగా దింపుకుని, ఊరిపేరును పారసీ మాట చేశాడు. ఆ అరవై వేల మందిలో ఒక్కడి మాట యూరపు పుస్తకంలోకి చేరిందంటే అది ఈ ఒక్క మాటే అనుకుంటాను.

పిట్ కొన్న రాయి ఆ కృష్ణాతీరపు గనుల్లోదే. పచ్చిరాయి బరువు మూడువందల పైచిలుకు మంజాడులు, అంటే 410 కారట్లు. మన కంసాలుల మంజాడిని ఇంగ్లీషువాళ్ళు ‘మాంజెలిన్’ అని రాసుకున్నారు. జామ్‌చంద్ అనే పెద్ద రత్నాల వర్తకుడు దాన్ని మద్రాసుకు తెచ్చి రెండు లక్షల వరహాలు అడిగాడు. బేరం సాగి సాగి 48,000 వరహాల దగ్గర తెగింది. వరహాకు ఎనిమిదిన్నర షిల్లింగుల చొప్పున 20,400 పౌండ్లు. 1702లో పిట్ కొడుకు దాన్ని ఇంగ్లండుకు చేర్చాడు. సానబట్టడానికి రెండేళ్ళు, 5,000 పౌండ్లు పట్టాయి. 141 కారట్ల వజ్రం మిగిలింది. కొనగలవాడు దొరకడానికి ఏళ్ళు పట్టింది. చివరికి 1717లో, బాలుడైన పదిహేనో లూయీ తరఫున ఫ్రాన్సును ఏలుతున్న ఆర్లియన్స్ డ్యూకు 1,35,000 పౌండ్లకు ఒప్పుకున్నాడు, అదీ వాయిదాల మీద. ఆ బేరం కుదర్చడంలో జాన్ లా ఉన్నాడు. తరవాత మూడేళ్ళకు కాగితపు డబ్బుతో ఫ్రాన్సును ముంచిన పెద్దమనిషి ఇతనే.

లెక్క వేద్దాం. పెట్టుబడి 25,400. పదిహేనేళ్ళలో 1,35,000. చక్రవడ్డీ మీద ఏడాదికి పన్నెండు శాతానికి కాస్త తక్కువ. ఇంతేనా అనిపిస్తుంది. చీల్చినప్పుడు రాలిన ముక్కల అమ్మకం వేరే ఉంది, అయినా ఇది ఆకాశం నుంచి ఊడిపడ్డ ధనం కాదు. మొండిగా పదిహేనేళ్ళు మూలధనం బిగపట్టి కూర్చున్నవాడి రాబడి. ఇంటి ధర 54,000 అంటే వజ్రం ధరలో సరిగ్గా అయిదింట రెండు వంతులు. అదే ఏడాది రాయి అమ్ముడైంది, అదే ఏడాది ఇల్లు కొన్నాడు.

ఇప్పుడు అసలు పేచీ దగ్గరకు వస్తాను. ఈ వజ్రం గురించి ఒక కథ ఉంది. గనిలో బానిస ఒకడు కాలు కోసుకుని పుండులో రాయి దాచి పారిపోయాడనీ, సముద్రం దాటిస్తానన్న ఇంగ్లీషు కప్తాను వాణ్ణి చంపి రాయి లాక్కున్నాడనీ కథ. ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని మూడు వందల ఏళ్ళుగా తిరగరాస్తున్నాయి. మనవాళ్ళూ ఆవేశంగా చెబుతారు. పిట్ బతికుండగానే అతనే దొంగిలించాడన్న పుకారు లేచింది. అది ఎంత బాధించిందంటే, మద్రాసు నుంచి తిరిగి వెళుతూ 1710 జులైలో నార్వేలోని బెర్గెన్ రేవులో కూర్చుని, జామ్‌చంద్‌తో బేరం జరిగిన తీరంతా దేవుడి సాక్షిగా రాసిపెట్టాడు. అడిగిన ధర, తగ్గించిన ధర, చెల్లించిన సొమ్ము, అన్నీ. అతను పోయాక చాలా ఏళ్ళకు అది పత్రికలో అచ్చయింది.

కవిత్వంలోకి మాత్రం పుకారే ఎక్కింది. అలెగ్జాండర్ పోప్ 1733 నాటి ‘బాథర్స్ట్ లేఖ’లో బేలమ్ అనే వ్యాపారి కథ చెబుతాడు. నిద్రపోతున్న ఒక ఇండియన్ దగ్గర నుంచి కంపెనీ ఉద్యోగి రత్నం కొట్టేస్తాడు. దాన్ని బేలమ్ దగ్గర తాకట్టు పెడతాడు. బేలమ్ వాణ్ణి మోసగించి తానే ఉంచుకుంటాడు. బేలమ్‌కు కార్న్‌వాల్‌లో భూములున్నాయి, అక్కడ ఓడలు పగిలితే సరుకు ఇతనికే దక్కుతుంది. పిట్ పేరు లేదు, అవసరమూ లేదు. చదివినవాళ్ళకు ఆనవాలు చాలు. చివరికి బేలమ్ లంచం పట్టి ఉరికంబం ఎక్కుతాడు. పద్యం కొరడా లాంటిదే. కానీ దెబ్బ తగలవలసిన చోట తగల్లేదని నా అభిప్రాయం. పోప్ కోపమంతా కొత్తగా డబ్బు చేసి పాత ఇళ్ళలో దూరినవాడి మీద. రత్నం పోగొట్టుకున్న ఇండియన్ ఆ పద్యంలో నిద్రపోతూనే ఉంటాడు. ఒంటి మీద గుడ్డ కూడా ఉండదు.

నిజానికి ఆ బేరంలో మనవాడు నిద్రపోలేదు. జామ్‌చంద్ ఆరితేరిన వర్తకుడు. అయితే పెద్ద రాళ్ళు ప్రభువుకే చెందాలన్నది గోలకొండ గనుల కట్టుబాటు. 1687లో గోలకొండ పడిపోయి ఔరంగజేబు చేతికి వెళ్ళాక దేశమంతా దండుల మయం. అలాంటి కాలంలో 410 కారట్ల రాయి చేతిలో ఉన్నవాడికి అది ఆస్తి కాదు, మెడమీద కత్తి. బయటపెట్టి అమ్మలేడు, దాచుకోలేడు. సముద్రం మీద దాటించగల కొనుగోలుదారు తీరంలో ఎంతమంది? కొనేవాడే గవర్నరు, రేవూ అతనిదే, కోటా అతనిదే, వర్తకుడికి రక్షణ ఇచ్చే న్యాయస్థానమూ అతనిదే. రెండు లక్షలు అడిగినవాడు నలభై ఎనిమిది వేలకు, అంటే నాలుగో వంతుకు తక్కువకు దిగాడంటే కారణం ఇది. రసీదు ఉంది, సంతకం ఉంది, సొమ్ము ముట్టింది. మా బ్యాంకు భాషలో పత్రాలన్నీ సక్రమం. అందుకే ఇది కాలిపుండు కథకంటే ఎక్కువ ఆలోచించవలసిన విషయం. ఒక బానిసను చంపి లాక్కున్నారంటే అది ఒక దుర్మార్గుడి పాపంగా ముగిసిపోతుంది, పైగా అరవై వేల మంది మట్టి మోసినవాళ్ళు మళ్ళీ మాయమైపోతారు. జాన్సన్ పద్యంలో చేప పట్టినవాడికి పట్టిన గతే వీళ్ళకు మన ఆవేశపు కథల్లోనూ పడుతోంది.

కొన్నాక ఇల్లు ఏం చేసింది? ముఖ్యంగా ఓట్లు పండించింది. మూన్‌ల ఆస్తితో పాటు కార్న్‌వాల్, డెవన్ ప్రాంతపు చిన్న నియోజకవర్గాల మీద పలుకుబడి కూడా వచ్చింది. పిట్ అంతకు ముందే, 1691లో, ఓల్డ్ సారమ్‌ను కొని ఉంచాడు. జనం కాపురమే లేని పాత కోట దిబ్బ అది. అయినా పార్లమెంటుకు ఇద్దరిని పంపేది, 1832 సంస్కరణ దాన్ని తుడిచేసేదాకా. పిట్ మనవడు పెద్ద విలియం పిట్ 1735లో ఆ దిబ్బ మీది నుంచే పార్లమెంటులో అడుగుపెట్టాడు. మునిమనవడు చిన్న పిట్ ప్రధానమంత్రి అయి 1784లో ఇండియా చట్టం తెచ్చాడు. ముత్తాత ఏ కంపెనీని ధిక్కరించి పైకొచ్చాడో ఆ కంపెనీకి కళ్ళెం వేశాడు. అదే ఏడాది బొకానక్ యజమాని అయిన పెదతండ్రి కొడుకు థామస్‌కు క్యామెల్‌ఫోర్డ్ ప్రభువు బిరుదు వచ్చింది. ఈ థామస్‌కు వాస్తుకళ పిచ్చి. 1771లో 123 అడుగుల స్మారక స్తంభం ఎత్తించాడు. 1786లో జాన్ సోన్‌ను పిలిపించి ఇంటికి మార్పులు చేయించాడు. గైడు పుస్తకాలు ఇక్కడ చాలాసేపు ఆగుతాయి. నేను ఆగను. అతని కొడుకు 1804లో ద్వంద్వయుద్ధంలోనే పోయాడు. మూన్ ప్రభువు తరవాత ఈ ఇంటికి ఇది రెండోది.

ఆస్తి అక్క ఆన్‌కు వచ్చింది. ఆవిడ భర్త విలియం గ్రెన్‌విల్. ఇతను ప్రధానమంత్రిగా ఉండగానే, 1807లో బ్రిటిషు బానిస వ్యాపారం రద్దయింది. ఆ బిల్లును ప్రభువుల సభలో నడిపింది ఇతనే. ఈ సంగతి దాటవేసి ‘దోచిన సొమ్ముతో కొన్న ఇల్లు’ అని ఒక్క ముక్కలో తేల్చడం నాకిష్టం లేదు. ఇల్లు ఎవరి పక్షమూ కాదు, ఎవడు ఉంటే వాడికి పనిచేస్తుంది.

రద్దయిన ఏడేళ్ళకు జేన్ ఆస్టెన్ ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ వచ్చింది. ఇంటి యజమాని సర్ థామస్ ఆంటిగ్వాలోని తన ఆస్తి చూసుకోవడానికి వెళతాడు. ఆయన లేనప్పుడు పిల్లలు ఆయన గదిని, బిలియర్డ్స్ గదిని కలిపి నాటకశాల చేస్తారు. తిరిగొచ్చి అంతా పీకించి నాటకం పుస్తకాలు తగలబెడతాడు. తరవాత ఫానీ బానిస వ్యాపారం గురించి ఒక ప్రశ్న అడిగితే ఎవరూ మాట్లాడరు. ఎడ్వర్డ్ సెయిద్ 1993లో ఈ నవల మీద రాస్తూ, ఆ ఇంటి క్రమశిక్షణకూ ఆంటిగ్వా తోటలకూ ఉన్న బంధాన్ని చూపించాడు. నేను ఆయనతో ఏకీభవిస్తాను గాని, ఆ మౌనం ఆస్టెన్ మౌనం కాదని కూడా అంటాను. ఇంట్లో ఎవరు మాట్లాడలేదో ఆవిడ పనిగట్టుకుని రాసింది. పోప్ చేయలేని పని అది. గదుల వాడకం మారితే యజమానికి అంత కోపం వచ్చింది. ఆ గదుల మూలధనం మాట వస్తే చప్పుడు లేదు. ఈ రెండింటినీ ఒకే ఇంట్లో పక్కపక్కన పెట్టిన రచయిత్రిని అమాయకురాలని ఎలా అంటాం?

విల్కీ కాలిన్స్ 1868లో రాసిన ‘ది మూన్‌స్టోన్’ మనవాళ్ళు ఇష్టంగా చదివే నవల. 1799లో శ్రీరంగపట్నంలో కాజేసిన వజ్రం యార్క్‌షైర్‌లోని ఒక మేడకు పుట్టినరోజు కానుకగా వస్తుంది, ఆ రాత్రే మాయమవుతుంది, ఇల్లంతా అనుమానాల పాలవుతుంది. చివరికి రాయి సోమనాథుడి చెంతకు చేరాక అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కాలిన్స్‌కు ఇండియా పట్ల సానుభూతి ఉంది. ఆ కాలపు రచయితల్లో అది అరుదు. కానీ ఆ కథ కట్టడంలో ఒక సౌకర్యం చూడండి. వజ్రం ఆ ఇంటికి బయటిది. అది వచ్చేదాకా ఇల్లు నిర్మలం, పోయాక మళ్ళీ నిర్మలం. బొకానక్ విషయంలో ఈ ఊరట లేదు. అక్కడ వజ్రం ఒక్క రాత్రి కూడా సొరుగులో పడుకోలేదు. అది గదులై, పొలాలై, ఓట్లై కూర్చుంది. రాయిని తిరిగి ఇమ్మని అడగవచ్చు, ఇచ్చి చేతులు దులుపుకోవచ్చు. ఇల్లుగా మారిన రాయిని ఏం చేస్తారు? కాలిన్స్ ముందుమాటలో తన కథకు ఆధారంగా రష్యా రాజదండంలోని వజ్రాన్నీ కోహినూరునూ పేర్కొన్నాడు. పిట్ వజ్రం జోలికి పోలేదు.

1864లో ఆన్ పోయాక ఇల్లు గ్రెన్‌విల్ మేనల్లుడి తరఫున ఫోర్టెస్క్యూలకు వచ్చింది. ఆ తరవాతి అరవై డెబ్భై ఏళ్ళు వేట, తోటపని, కౌళ్ళ వసూలు; చెప్పుకోవడానికి పెద్దగా లేదు. 1894లో వారసత్వపు పన్ను వచ్చాక ఇంగ్లండులో ఇలాంటి ప్రతి ఇంటికీ యజమాని చావు ఒక అప్పుగా మారింది. రెండో ప్రపంచయుద్ధంలో బొకానక్ అమెరికన్ సైనికుల వాడకంలోకి వెళ్ళింది. మూడు శతాబ్దాల తరవాత మళ్ళీ దండు విడిది. ఆ మధ్యకాలం గురించే ఎవెలిన్ వా 1945లో ‘బ్రైడ్స్‌హెడ్ రీవిజిటెడ్’ రాశాడు. మేడలో సైన్యం దిగడంతోనే అది మొదలవుతుంది. ఆ జాతి ఇళ్ళు అంతరిస్తాయనుకుని ముందుగానే శోకగీతం పాడేశానని, తీరా చూస్తే జనం వాటిని నెత్తిన పెట్టుకున్నారని 1960 నాటి ముద్రణ ముందుమాటలో ఆయనే రాసుకున్నాడు. రచయిత తన శోకం తొందరపాటని ఒప్పుకోవడం అరుదు. నాకు ఆ ముందుమాట నవలకంటే నచ్చింది.

బొకానక్ సంగతిలో మాత్రం శోకం కొంత నిజమైంది. 1969 తరవాత ఇల్లు ఖాళీగా పడి ఉంది. ఒక భాగాన్ని కూల్చేయక తప్పలేదు. ఆ కాలంలో ఇలాంటి మేడలు ఎన్ని నేలమట్టమయ్యాయో చూపిస్తూ లండను విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 1974లో ఒక ప్రదర్శనే పెట్టారు. ఈ ఇంటికి మాత్రం 2001లో మరమ్మతులు మొదలై 2012కు పూర్తయ్యాయి, ఆ ఏడాది జార్జియన్ గ్రూప్ పురస్కారం కూడా వచ్చింది. అప్పటినుంచి ఇంటి వృత్తి మళ్ళీ మారింది: పెళ్ళిళ్ళు, పూల ప్రదర్శనలు, ఆవిరి యంత్రాల తిరునాళ్ళు. ఇషిగురో 1989 నవల ‘ది రిమెయిన్స్ ఆఫ్ ది డే’లో డార్లింగ్టన్ హాల్‌ను కొన్న అమెరికన్‌కు ఇంటితో పాటు అసలు సిసలు బట్లరు కూడా కావాలి. పాతదనమే సరుకైన రోజులకు అంతకంటే చక్కని చిత్రం లేదు. జాన్సన్ ఉచితంగా పాడినదాన్ని ఇప్పుడు గంటల లెక్కన అద్దెకిస్తున్నారు. నేనైతే దీన్ని తప్పుపట్టను. పన్ను కట్టాలి, పైకప్పు నిలపాలి. ఓట్లు పండించడం కంటే పెళ్ళిళ్ళకు చోటివ్వడం మెరుగైన పనే.

పార్కులోని పాత చెట్ల బెరడు మీద పెరిగే లైకెన్‌ల వల్ల ఆ తోటకు శాస్త్రీయ ప్రాముఖ్యం గల స్థలంగా రక్షణ ఉంది. గనుల చోటికి అలాంటి గుర్తింపు ఏదీ దక్కలేదు. 2013లో జాతికి అంకితమైన పులిచింతల జలాశయంలో మునిగిన ఊళ్ళలో కొల్లూరు ఒకటి. రాయి పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. 1722లో పదిహేనో లూయీ కిరీటంలోనూ, తరవాత నెపోలియన్ కత్తిపిడిలోనూ కూర్చుని వచ్చింది. 2025 అక్టోబరులో ఆ మ్యూజియంలో నగల దొంగతనం జరిగినప్పుడు కూడా ఎవరూ దాన్ని ఎత్తుకుపోలేదు. ఇక ఇల్లు 1993లో సినిమాలో కూడా నటించింది. అలెగ్జాండర్ డ్యూమా నవల ఆధారంగా హాలీవుడ్ తీసిన ‘ది త్రీ మస్కటీర్స్’లో కొంత భాగం అక్కడ చిత్రీకరించారు. కథ జరిగేది ఫ్రాన్సులో. ఆ ఇంటిని కొన్న సొమ్ము వచ్చింది కూడా ఫ్రాన్సు ఖజానా నుంచే.